పక్క కుర్చీ

మైకు గరగరమంది.

హాల్లో జనం లేచి నిలబడ్డారు. ఐసీయూ లోపలి నుంచి ఎవరి పేరు పిలుస్తారో, ఎందుకు పిలుస్తారో తెలియదు.

పిలిచింది పింకీ పేరు కాదు. భాగ్యలత మళ్లీ కూలబడింది.

ఆరేళ్ల కూతురు పింకీకి మెదడువాపు. అమీర్‌పేట ఇంట్లోంచి పంజాగుట్టలోని ఈ పెద్దాసుపత్రికి ఆటోలో తెచ్చింది ఆమె ఒక్కతే. పాప ఇంకా కళ్లు తెరవలేదు.

సెల్‌ఫోన్ మోగింది. బెంగళూరు నుంచి భర్త హనుమత్‌ప్రసాద్.

"అడ్వాన్సు కట్టించిన. పెద్ద డాక్టర్‌తోని మాట్లాడిన. నీకు పక్కనే హోటల్ల రూమ్ సుత బుక్ చేసిన. ఇంకేం గావాలె?"

"నువ్వు రా. నాకు భయమైతుంది."

"ఆఫీసుల సాఫ్ట్‌వేర్ డెలివరీ ఉంది లతా. నేనొచ్చి సూది వేస్తనా? ఎంతైనా పెడతనని చెప్పిన గదా!"

ఫోన్ పెట్టేశాక ఆమెకు ఏడుపు ఆగలేదు.

పక్క కుర్చీలోంచి ఒక చెయ్యి వచ్చి ఆమె చేతిని పట్టుకుంది. బురఖాలో ఉన్న ఒక ముసలావిడ. ఇంకో చేతిలో చాయ్ గ్లాసు.

"ఏడ్వకు బేటీ. జర చాయ్ తాగు."

"వద్దు."

"బచ్చీ లేచినంక ఎత్తుకోవాలె. నీకు తాకత్ ఉండొద్దా?"

తాగింది. పొద్దుటినుంచి గొంతు దిగింది అదొక్కటే.

"పేరేంది?"

"పింకీ."

"అల్లరి చేస్తదా?"

"మస్తు. సోఫా ఎక్కి దుంకుతది."

"దుంకనియ్యి. ఇంటికి పోయినంక తిట్టకు."

భాగ్యలతకు నవ్వొచ్చినంత పనైంది.

మైకు మళ్లీ గరగరమంది. అందరూ లేచారు.

ముసలావిడ లేవలేదు. తల కూడా ఎత్తలేదు.

ఇందాక కూడా లేవలేదు కదూ!

భాగ్యలత ఒక అడుగు వెనక్కి వేసింది. లోపల ఎవరూ లేని మనిషికి ఇక్కడేం పని? ఆసుపత్రుల్లో బ్యాగులు కొట్టేసేవాళ్లు, చాయ్‌లో మత్తుమందు కలిపేవాళ్లు... విన్నవన్నీ గుర్తొచ్చాయి. తనేమో ఇప్పుడే గ్లాసెడు తాగింది.

బ్యాగు గుండెలకు హత్తుకుని సెక్యూరిటీ అతని దగ్గరికి పరుగెత్తింది.

"ఆమె ఎవరో తెల్వదు. నాతోని చాయ్ తాగించింది. జర చూడన్నా!"

అతను వచ్చి ముసలావిడ ముందు నిలబడ్డాడు.

"పాస్ ఏదమ్మా?"

"లేదు బేటా."

"లోపల ఎవరున్నరు?"

ఆమె ఒక్క క్షణం భాగ్యలత ముఖంలోకి చూసింది.

"ఎవరూ లేరు."

"అయితే బయటికి నడువు."

ఆమె లేచి బురఖా సర్దుకుంది. "పింకీ లేస్తది బేటీ, ఫికర్ చెయ్యకు" అని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం మైకు పింకీ పేరు పిలిచింది.

భాగ్యలత గోడ పట్టుకుని లోపలికి వెళ్లింది. పింకీ కళ్లు తెరిచి ఉంది. "అమ్మా, నీళ్లు" అంది.

బయటికొచ్చాక, ఈ మాట ముందు ఎవరికి చెప్పాలా అని చూస్తే భాగ్యలత కళ్లు పక్క కుర్చీ వైపే పోయాయి. అందులో ఇంకెవరో కూర్చుని ఉన్నారు.

"ఇందాకటి ముసలామె ఏదన్నా?" సెక్యూరిటీ అతన్ని అడిగింది.

"గులాబ్ బీ నా మేడం? అంబులెన్సుల బోరబండ పోయింది, కొడుకును తీస్కోని."

"కొడుకా?"

"కొత్త సాఫ్ట్‌వేర్ బిల్డింగు మీదికెల్లి పడ్డడంట. గీ ఐసీయూలనే ఉండె. పొద్దుగాల పానం పోయింది. శవాన్ని ఇయ్యనీకి పోలీసు కాయిదం వచ్చేదాంక హాల్ల కూసున్నదంట."

"మరి అడిగినప్పుడు చెప్పలేదేం?"

అతను తల దించుకున్నాడు.

"అంబులెన్సు ఎక్కేటప్పుడు నేను సుత గదే అడిగిన మేడం. 'ఆ తల్లి బిడ్డ ఇంకా లోపలనే ఉన్నది, ఆమె ముందట చావు మాట ఎట్ల తియ్యాలె బేటా' అన్నది."