లిస్బన్‌కి గంటా ఇరవై నిమిషాలు

"ఐదువందల కిలోమీటర్లు. పన్నెండింటికి ఎక్కావు, గంటా ఇరవై నిమిషాలు ఎగిరావు, దిగి పది నిమిషాలు నడిచావు. సరిగ్గా ఒకటిన్నరకి ఫోన్ చెయ్యి," అన్నాడు నికాసియో, గ్లాసులు తుడుస్తూ.

ఫెర్మిన్ బార్ గోడమీది గడియారం చూశాడు. ఇంకా రెండు నిమిషాలుంది. మాడ్రిడ్‌లో, సొంత ఇంటికి రెండు వీధుల అవతల, వెర్ముత్ వైన్ గ్లాసు ముందు కూర్చుని అతను లిస్బన్‌లో దిగబోతున్నాడు.

"ఇంత తంటా ఎందుకురా? అత్తగారితో ఒక్క ఆదివారం భోంచేస్తే చస్తావా?"

"నీకేం తెలుసు! లిస్బన్ నుంచి ఉప్పుచేప మోసుకొస్తుంది. వండినంతసేపూ నా జీతం గురించి, తిన్నంతసేపూ నా పొట్ట గురించి. అందుకే ఆవిడ ఇక్కడికొచ్చే రోజే ఆఫీసు నన్ను అక్కడికి పంపిందని చెప్పా."

"దొరికిపోతే?"

"ఆగస్టు సెలవులన్నీ ఆవిడ ఇంట్లోనే. పళ్ల డాక్టరు అబద్ధం బయటపడ్డప్పుడే, ఇంకోసారి దొరికితే అంతేనని మా ఆవిడ ఒదేత్ ఒట్టేసింది. ఎనిమిదేళ్లుగా ఆ గుమ్మం తొక్కకుండా బతికానురా!"

ఒకటిన్నర అయింది. నికాసియో టీవీ కట్టేశాడు. తాగుతున్న నలుగురినీ నోరు మూసుకోమని సైగ చేశాడు. మూల బల్ల దగ్గర పేపరు చాటున ఉన్న పెద్దావిడ అప్పటికే కిమ్మనకుండా ఉంది.

"దిగాను ఒదేత్!"

నికాసియో గ్లాసు మీద చెంచాతో టింగుమనిపించి, "ప్రయాణికులు తమ సామాను..." అని ముక్కుతో అందుకున్నాడు.

"మంచిదయింది," అంది ఒదేత్. "అమ్మ విమానం ఇంకా లేవలేదట. ఆ ఎయిర్‌పోర్టులోనే కూర్చుంది. వెళ్లి పలకరించు."

ఫెర్మిన్‌కి పొలమారింది. "ఇక్కడా? తిరునాళ్లలా ఉంది ఒదేత్, ఈ జనంలో ఎక్కడని వెతకను?"

"జనమా? చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా లేదే."

నికాసియో చేతులు ఊపాడు. నలుగురూ ఒక్కసారిగా దగ్గడం, కుర్చీలు బరబరా ఈడ్వడం మొదలుపెట్టారు. ఒకడు చంటిపిల్లాడిలా ఏడ్చాడు కూడా.

ఒదేత్ గొంతు మారింది.

"ఫెర్మిన్, అక్కడిప్పుడు టైమెంత?"

ఇదీ ఒక ప్రశ్నేనా? గడియారం ఎదురుగానే ఉంది. ధీమాగా నోరు తెరిచాడు.

వెనకనుంచి ఉప్పుచేప వాసన గుప్పుమంది. ముడతలు పడ్డ చెయ్యొకటి వచ్చి, మాట అవతలికి వినపడకుండా ఫోన్ మైకుని గట్టిగా మూసింది.

"లిస్బన్ గడియారం గంట వెనక. పన్నెండున్నర అని చెప్పండి, అల్లుడుగారూ," అని, మూల బల్ల దగ్గర పేపరు వదిలేసి వచ్చిన అత్తగారు చెవిలో గుసగుసలాడింది. "ఆగస్టు నెలంతా మిమ్మల్ని భరించడం నావల్ల కాదు."