పైడమ్మ పక్క చోటు

సౌగంధిక పరిశోధనకు ఇదే ఆఖరి పరీక్ష. ఈ రోజుల్లో జనం మీద రాసిన థీసిస్‌ను ఆ జనం మధ్యే కూర్చుని చదవాలి. గీటురాయి అనే చిన్న పెట్టె విన్నవాళ్ల మనసులు కనిపెడుతూ ఉంటుంది. తమ గురించి తమకే తెలియని నిజమేదైనా వాళ్లకు తట్టిందా, దాని ముల్లు లేస్తుంది. లేవకపోతే ఏళ్ల కష్టం బుట్టదాఖలే.

ఉప్పాడ రొయ్యల షెడ్డులో ఆడవాళ్లు రొయ్యలు ఒలుస్తూనే వింటున్నారు. పిల్ల నొచ్చుకుంటుందేమోనని ప్రతి పేజీకీ "బాగా రాసేవమ్మా" అంటున్నారు. పొగడ్తలకు ఆ పెట్టె లొంగదు. ముల్లు సున్నా మీదే నిద్రపోతోంది.

సౌగంధిక ముల్లు వైపు ఒకసారి చూసింది. ఆఖరి పేజీ తీసింది.

"ఈ షెడ్డులో అందరికంటే ఎక్కువగా పోట్లాడుకునేవాళ్లే ఒకరికొకరు చోటు పట్టి ఉంచుతారు."

పైడమ్మ చేతిలో రొయ్య ఆగింది. "ఇది మాత్రం అబద్ధమమ్మా. ఆ నూకరత్నంతో నాకు పొద్దస్తమానం గొడవే. దానికి నేను చోటు పట్టడమేటి?"

అప్పుడే ఆలస్యంగా వచ్చిన నూకరత్నం, "నా గురించేటే వాగుతున్నావు?" అంటూ పైడమ్మ పక్కనున్న ఖాళీ తట్టను అలవాటుగా తీసి అవతల పెట్టి, ఆ చోట్లో చతికిలబడింది.

షెడ్డులో చేతులన్నీ ఆగిపోయాయి. అందరూ తట్ట వైపు చూశారు. పైడమ్మ కూడా చూసింది.

"పొద్దున్న ఆ తట్ట అక్కడ పెట్టింది నేనే కదే," అంది మెల్లగా.

షెడ్డంతా ఒక్కసారిగా నవ్వింది. ముల్లు ఒక్క ఊపున చివరికంటా లేచింది. సౌగంధిక కళ్లు తుడుచుకుంటూ కాగితాలు సర్దబోయింది.

పైడమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "మళ్లీ మొదట్నించీ చదువమ్మా. ఇందాక మేం సరిగ్గా వినలేదు."