పాట మధ్యలో దగ్గు

కళ్లజోడుకు అద్దాలు బిగిస్తున్నవాడల్లా చేతిలో స్క్రూడ్రైవరుతోనే ఆగిపోయాడు.

కౌంటరు అవతల కూర్చున్నావిడ బల్లమీద వేళ్లతో దరువు వేస్తూ, ఒకచోట ఆగి, చిన్నగా దగ్గి, మళ్లీ అందుకుంది.

"ఇది ఆ పోస్ట్-పంక్ రాక్ బ్యాండు పాట కదూ!" అన్నాడతను. "ఆ బ్యాండు మీకెలా తెలుసండీ? పేరు చెబితే మా ఇంట్లోవాళ్లే గుర్తుపట్టరు."

"కాలేజీలో ఒకరి దగ్గర ఒకరం టేపు కాపీ చేసుకున్నాం. ఆ పాటంటే పిచ్చి మాకు."

"మరి ఆ దగ్గు?"

"పాడేవాడు దగ్గుతాడుగా అక్కడ. మా గుంపంతా కలిసి దగ్గేవాళ్లం. ఇప్పుడు నేనొక్కదాన్నే."

అతను కళ్లజోడు పక్కన పెట్టాడు.

"దగ్గింది పాడేవాడు కాదండీ, మా అన్నయ్య. వాళ్లు ఏదో సెల్లార్లో వాయిస్తుంటే జేబులో రికార్డరు పెట్టుకుని టేపు చేశాడు. ఆ టేపే కాపీల మీద కాపీలై మీదాకా వచ్చుంటుంది. జలుబు చేసింది, వెళ్లొద్దంటే వింటేగా."

"ఇప్పుడెక్కడున్నారు?"

"పోయాడు. ఇల్లు మారినప్పుడు టేపూ పోయింది. మీ దగ్గర..."

"నాదీ ఎప్పుడో తెగిపోయింది."

 ఆవిడ దరువు మొదటినుంచీ ఎత్తుకుంది. ఆ చోటు రాగానే వేళ్లు ఆపి అతనికేసి చూసింది.

అతను దగ్గబోయాడు. దగ్గు రాలేదు.

ఆవిడ తొందరపెట్టలేదు. వేళ్లు అలాగే పైకెత్తి ఉంచి, అతను దగ్గేదాకా ఆగింది.