మిగిలిన ఒక్క ఇల్లు

“ముసలావిడకి వద్దు. టైలరు కుటుంబానికే ఇద్దాం” అంది టీచరమ్మ.

చర్చి వెనక గదిలో బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆమె అంత ఖరాఖండిగా చెబుతుందని ఎవరూ అనుకోలేదు.

నగరంలో ఆ పక్కన నాలుగు చర్చిలున్నాయి. ఒకరి గేటు ముందు ఇంకొకరు బండి ఆపినా తగువే. అలాంటివాళ్ళని ఈ రిటైరైన టీచరమ్మే కాళ్ళరిగేలా తిరిగి ఒక్క బల్ల దగ్గరికి చేర్చింది. అద్దెలు కట్టలేక రోడ్డున పడుతున్నవాళ్ళకి చవకలో ఇళ్ళు కట్టిద్దామంది. ఒక చర్చి స్థలమిచ్చింది, ఒకటి ఇటుకలు తోలించింది, మిగతావి చందాలు పోగుచేశాయి. వీధి పొడవునా ఇళ్ళు లేస్తాయనుకున్నారు. సిమెంటు, ఇనుము ధరలు ఆ ఆశని మింగేశాయి. లేచింది ఒక్క వరసే. అందులో అన్నీ ఇచ్చేయగా మిగిలింది ఒక్క ఇల్లు.

‘మా చర్చివాళ్ళకి, మీ చర్చివాళ్ళకి’ అన్న పోట్లాట రాకూడదని, పేర్లు బయటపెట్టకుండా కష్టం మాత్రమే చెప్పాలని మొదట్లోనే అనుకున్నారు. ముసలావిడ సంగతి తెచ్చింది పెద్ద పాస్టరుగారు. టీచరమ్మ వెళ్ళేది ఆయన చర్చికే.

“ఆవిడకి ముందూ వెనకా ఎవరూ లేరు” అన్నారాయన. “ఉంటున్న ఇల్లు అమ్మేశారు. కొన్నవాళ్ళు పడగొడతారట. రేపటికల్లా ఖాళీ చేయాలి. ఈ వయసులో గది ఎవరిస్తారు?”

“ఒంటిమనిషి. ఏదో మూల సర్దుకుంటుంది.”

“ఏ మూల? చూపించండి!”

“టైలరు వాళ్ళు మెట్ల కింద ఉంటున్నారండీ. మంచంపట్టిన అత్తగారితో. వానొస్తే ఆవిణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటోంది ఆ కోడలు పిల్ల.”

“ముసలావిడ నోరు తెరిచి అడగదు. అందుకే నేనడుగుతున్నాను.”

“అడగనివాళ్ళ తరఫున మీకెందుకండీ ఇంత పట్టుదల?”

చిన్న పాస్టరు ఇక ఊరుకోలేకపోయాడు. “మీరింత రాతిగుండె మనిషనుకోలేదు టీచరమ్మా. ఆవిడ పరిస్థితి ఒక్కసారైనా చూశారా?”

“చూశాను.”

“చూసే ఇలా మాట్లాడుతున్నారా?”



“ఆవిణ్ణీ వాళ్ళనీ ఒకే ఇంట్లో ఉంచితేనో?” అంది కాన్వెంటు సిస్టరు మెల్లగా.

“ఉన్నది ఒక్క గది సిస్టర్. రెండో మంచం వేస్తే నడవడానికి చోటుండదు” అంది టీచరమ్మ.

టైలరు కుటుంబానికి ఇవ్వాలన్నవాళ్ళని చేతులెత్తమన్నారు. ఒక్కొక్కటే లేచాయి. చిన్న పాస్టరు కూడా విసురుగా చెయ్యెత్తి ముఖం తిప్పుకున్నాడు. పెద్ద పాస్టరుగారి చెయ్యి మాత్రం బల్లమీదే ఉండిపోయింది.

బయట వరండాలో జనం కూర్చుని ఉన్నారు. కబురు చెప్పగానే టైలరు భార్య గోడకి ఆనుకుని ఏడ్చేసింది. ఇల్లు దక్కనివాళ్ళు చెప్పులు వేసుకుని లేచారు.

“మళ్ళీ ఎప్పుడు కడతారమ్మా?” అని అడిగిందొకామె, చంటిబిడ్డని భుజం మార్చుకుంటూ.

అబద్ధం చెప్పడానికి టీచరమ్మకి నోరు రాలేదు. “ఇక కట్టలేమమ్మా.”

ఆమె తలూపి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది టీచరమ్మకి.

టైలరు భార్య దగ్గరికొచ్చింది. “ఈ ఇంటికి మాతోపాటు ఇంకో పెద్దావిడ కూడా ఉందటగా. మేం లాక్కున్నట్టయింది. ఆవిడ ఉసురు మాకు తగలదు కదమ్మా?”

“తగలదు. పోయి మీ అత్తకి చెప్పు, పో.”

చిన్న పాస్టరు పలకరించకుండానే పక్కనుంచి వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళలో అతను అలా వెళ్ళడం అదే మొదలు. వరండా ఖాళీ అయింది. సన్నగా తుంపర మొదలైంది.

టీచరమ్మ చెంగు తలమీదికి లాక్కుని మెట్లు దిగింది. పెద్ద పాస్టరుగారు గేటుదాకా ఆమె వెనకే వచ్చారు. గేటు తెరిచి, దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

“రేపటినుంచి మీరెక్కడుంటారు టీచరమ్మా?”