వాల్వులు వేడెక్కేదాకా

నది పొంగి అమెరికాలోని ఆక్రన్‌లో నేలమాళిగలన్నీ మునిగిన ఏడాది. టైర్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైనవాళ్ళ క్లబ్బు హాలులో కొత్త స్పీకర్లన్నీ బురదపాలయ్యాయి. మిగిలింది తన స్పీకరు పెట్టెతో సహా అటకమీద ఉన్న పాత వాల్వుల ఆంప్లిఫయర్ ఒక్కటే. దాన్ని ముట్టుకుని చాలా ఏళ్ళయింది.

ఆ సాయంత్రం ఆరిన్, వెల్మాల యాభయ్యో పెళ్ళిరోజు వేడుక. పెళ్ళినాడు ఇద్దరూ ఆడింది దాని పాటకే. ఇవాళా దానికే ఆడాలని వెల్మా పట్టు.

"పొద్దున్నించీ దుమ్మే దులుపుతున్నావు. ప్లగ్గు పెట్టవయ్యా!"

"ఇన్నేళ్ళు పడుకున్నదాన్ని ఒక్కసారిగా లేపితే కండెన్సర్లు పేల్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిందో, ఆటా లేదు పాటా లేదు," అన్నాడు ఆరిన్.

కరెంటు తీగ మధ్యలో ఒక బల్బు కట్టాడు. బల్బు ఒకసారి వెలిగి మందగిస్తే మంచిదే. వెలుగుతూనే ఉంటే లోపల షార్టు.

స్విచ్చి వేశాడు. బల్బు భగ్గుమంది. అలాగే ఉండిపోయింది.

వెల్మా ముఖం వాడిపోయింది.

ఆరిన్ ప్లగ్గు పీకాడు. లోపల నిలవున్న కరెంటు దించేశాడు. ఉబ్బిపోయిన కండెన్సరు ఒకటి కనిపించింది. దాన్ని మార్చి మళ్ళీ స్విచ్చి వేశాడు. ఈసారి బల్బు మెల్లగా మందగించసాగింది.

ఒక చేత్తో కరెంటు కొలిచే మీటరు పుల్ల పట్టుకున్నాడు. రెండో చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. రెండు చేతులూ లోపల పెట్టినవాడికి షాకు గుండెలోంచి పోతుంది. అలా ఉన్నంతసేపూ ఆరిన్ ఒక్క మాట మాట్లాడడు.

వెల్మాకి అదే అదను. కాలితో నేలమీద దబ్బున తన్నింది. ఆరిన్ తలెత్తాడు.

"పెళ్ళినాడూ ఇంతే! పాదిరీ అడిగినదానికి నువ్వు ఊ అనేసరికి కేకు ఎండిపోయింది!"

రికార్డులు మోసుకొచ్చిన స్నేహితుడు క్లైడ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "జవాబు చెప్పవేంరా పెళ్ళికొడకా?"

ఆరిన్ కళ్ళు మూసుకున్నాడు. వెల్మా తిట్లు అక్కడితో ఆగిపోయాయి.

వాల్వులు ఎర్రగా వేడెక్కాయి. పొగ లేదు, మాడు వాసన లేదు. బల్బు తీసేసి నేరుగా కరెంటు ఇచ్చాడు. సాయంత్రానికి హాలు నిండింది. క్లైడ్ రికార్డు పెట్టాడు. ఆరిన్ స్పీకరు పెట్టెమీద అరచెయ్యి ఆనించి చూశాడు.

"ఇంకా పెంచు," అంది వెల్మా, బూట్లు విడుస్తూ.

పెంచాడు.

"చాల్లేదు. ఇంకా!"

మీట చివరిదాకా తిప్పేశాడు. చెక్కనేల అదిరింది. వెల్మా కళ్ళు మెరిశాయి. వంటగదిలో పళ్ళేలు పడి పగిలాయి. ఎవరూ తిరిగి చూడలేదు. అందరూ ఉత్త కాళ్ళతో ఆడారు, తెల్లారేదాకా.

పొద్దున్నే ఆరిన్ మిగిలిన కేకు కోసి, కంటిమీద కునుకు లేని ఇరుగుపొరుగు ఇళ్ళకి పట్టుకెళ్ళి, రాత్రి హాలులో ఆడిన తమలో ఒక్కరికీ పుట్టుకనుంచీ చెవులు వినపడవని సైగలతో చెప్పుకున్నాడు.