సీసపు మరుగుజ్జు

గోదావరి వరద ఇంటి మెట్లెక్కినా వనజ, ఆమె భర్త రవికుమార్ డాబా మీద యుద్ధం ఆట ఆపలేదు. ఆమెవి సీసంతో పోసిన మరుగుజ్జు సైనికులు, అతనివి ప్లాస్టిక్ మనుషులు.

“మా మనుషులు ఏటేటా కొత్త ఫిరంగి చేస్తరు. మీ మరుగుజ్జులు తాతల ఫిరంగినే తుడుస్తుంటరు” అన్నాడు రవికుమార్.

“అయితేంది? మాది పేలి మమ్మల్నే చంపదు.”

“ఫోన్ల హెచ్చరిక వచ్చింది వనజా. అగో, అదే ఆఖరి పడవ, పోదాం.”

“నీళ్లు ఈ మెట్టు కాడ్నే ఆగుతయని మామయ్య చెప్పిండు. నేను రాను.”

“నువ్వు రాకుంటే నేనూ పోను.”

“నీళ్లు పెరగవు, చూడు” అంటూ వనజ ఒక మరుగుజ్జును, ఒక ప్లాస్టిక్ మనిషిని పొట్టి దారంతో కట్టి మెట్టు మీది నీళ్లలో వదిలింది. మరుగుజ్జు అడుగున కూర్చున్నాడు. మనిషి పైన తేలాడు.

కాసేపటికి నీళ్లు పెరిగి మనిషి మునిగాడు. మరుగుజ్జు కదల్లేదు. దారంతో అతన్ని కిందే పట్టుకుని కూర్చున్నాడు.

వనజ తన భర్త ముఖం చూసింది.

“పడవ ఆపుండ్రి!” అని అరిచింది. “వస్తున్నం!”