బాల్కనీ మీద బరువు

"హాలు ప్రమాదకరంగా ఉందని ఒక్క మాట రాసివ్వండి మేడమ్, చాలు," అన్నాడు దుర్గాశంకర్.

రాజ్యశ్రీ తలెత్తి చూసింది. బాల్కనీ అడుగున జెర్రిలా పాకిన పగులు. విజయవాడ నడిబొడ్డున రెండు తరాలుగా నాటకాలకీ నాట్యాలకీ నీడనిచ్చిన కళామందిరం అది. దాన్ని పడగొట్టి, అదే స్థలంలో అద్దాల గోడలతో, తెరచాప లాంటి పైకప్పుతో కొత్త భవనం కట్టాలని కమిటీ తీర్మానించింది. దుర్గాశంకర్ ఆ కమిటీకి అధ్యక్షుడు. పాతది పనికిరాదని ఇంజనీరు చెబితే పలుగు పడ్డట్టే.

"పగులు పైపూతలోదో, దూలంలోదో చూడకుండా ఎలా రాయనండీ?"

"చూడ్డం అవసరమా? కొత్త భవనం బొమ్మ చూసి ఊరంతా మురిసిపోతోంది. అలాంటి అవకాశం జీవితంలో ఒక్కసారే వస్తుంది. మీకు నేను చెప్పాలా?"

"అక్కర్లేదండీ," అని ఆమె నిచ్చెనెక్కింది.

పగులు వెంట పూత చెక్కించింది. లోపల కాంక్రీటు నల్లరాయిలా ఉంది. డాబా మీద వాననీటి గొట్టం పగిలి, చెమ్మ దిగి, పూత ఉబ్బి చీలింది. అంతకుమించి ఏమీ లేదు.

దుర్గాశంకర్‌కి నమ్మకం కుదరలేదు. "రేపు జనం నిండితే?"

"నింపి చూద్దాం."

బాల్కనీలో జనం బరువుకి మించి ఇసుక బస్తాలు పేర్పించింది. దూలం ఎంత వంగుతోందో ముల్లుతో చూపే మీటరు కింద బిగించింది. ఒక రోజంతా బరువు అలాగే ఉంచి, మర్నాడు బస్తాలు దింపించడం మొదలుపెట్టింది. వంగిన దూలం తిరిగి పైకి లేవాలి. లేవకపోతే హాలు కథ ముగిసినట్టే.

ఆ హాల్లోనే కూచిపూడి నేర్పే రావమ్మగారు ముందు వరసలో కూర్చుంది.

ముల్లు వెనక్కి రాకపోతే తననెవరూ తప్పుపట్టరన్న ఆలోచన రాజ్యశ్రీకి ఒక్క క్షణం మెదిలింది. వెంటనే సిగ్గేసింది.

చివరి బస్తా దిగింది. ముల్లు మెల్లగా కదిలి, దాదాపు బయల్దేరిన చోటికే వచ్చి ఆగింది.

"దిట్టంగా ఉందండీ. గొట్టం మార్చి, పూత వేయించుకోండి. ఇంకో తరం వాడుకోవచ్చు," అంది రాజ్యశ్రీ.

"అంటే కొత్త భవనం లేనట్టే. ఇంకోసారి ఆలోచించుకోండి మేడమ్. తర్వాత బాధపడి లాభం లేదు."

"నిలబడేదాన్ని పడిపోతుందని రాయలేనండీ."

"మీ ఇష్టం," అని దుర్గాశంకర్ వెళ్లిపోయాడు.

రావమ్మగారు వచ్చి ఆమె చేతులు రెండూ పట్టుకుంది. కళ్లు తడిగా ఉన్నాయి. "మా హాలు నిలబెట్టావు తల్లీ. అయినా ఆ కొత్తది కూడా బొమ్మలో ఎంత ముచ్చటగా ఉందో. పాపం, డిజైన్ చేసినవాళ్లెవరో గానీ మనల్ని తిట్టుకుంటారేమో."

"తిట్టుకోరు లెండి. ఏదీ, మీ పిల్లల్ని పిలవండి. ఒక జతి చూసి వెళ్తాను."

గజ్జెల మోతకి హాలంతా హోరెత్తింది. రాజ్యశ్రీ బాల్కనీ ఎక్కి, అంచున కూర్చుని, తృప్తిగా చూసింది.

ఆ కొత్త భవనాన్ని డిజైన్ చేసింది ఆమే.